చుక్క మీద గీసిన గీత

మడకశిరలో నీళ్లు నూరు డిగ్రీల దాకా ఓపిక పట్టవు. ఊరు సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. గాలి ఒత్తిడి ఆ మేరకు తక్కువ కాబట్టి 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. హిందూపురం వైపూ దాదాపు ఇదే లెక్క. టీ పెట్టుకునేవాళ్లకు ఈ రెండు డిగ్రీలు పట్టవు. బెల్లం పాకం పట్టేవాళ్లకు పడతాయి. గడ్డకట్టే బెల్లానికి పాకాన్ని 116, 118 డిగ్రీల మధ్య దించాలని పుస్తకాలు చెబుతాయి. అది సముద్రం ఒడ్డు ఊళ్ల లెక్క. దాన్నే నమ్ముకుని ఇక్కడ థర్మామీటరు ముంచి కూర్చుంటే, 118 వచ్చేసరికి పాకం ముదిరిపోయి ఉంటుంది.

కజ్జాయాలు చేసే అవ్వ చేతిలో మాత్రం ముదరదు. అరిసెల్ని ఇక్కడ కజ్జాయాలంటారు. ఆమె గిన్నెలో చన్నీళ్లు పోసుకుని, గరిటె కొసనుంచి ఒక్క చుక్క పాకం అందులో వదులుతుంది. రెండు వేళ్లతో దగ్గరికి తీసి ఉండ చేస్తుంది. ఉండ నిలబడితే "ఇంక పిండి పోయండి" అంటుంది. థర్మామీటరు చెప్పేది పాకం ఎంత వేడిగా ఉందన్నదే. ఆ వేడిని బట్టి చిక్కదనాన్ని మనం ఊహించుకోవాలి. అవ్వ నేరుగా చిక్కదనాన్నే వేళ్ల మధ్య పట్టుకుంటోంది, అదీ చల్లారిన పాకంలో. చల్లారిన పాకానికి ఊరు ఎంత ఎత్తులో ఉందన్న పట్టింపు లేదు.

అవ్వ వేళ్లతో చూసేదాన్నే అంకెలో చూపించే పరికరం రిఫ్రాక్టోమీటరు. దానిమ్మ, కర్బూజ తోటల దగ్గరికి సరుకు కొనడానికి వచ్చినవాళ్లు కాయ కోసి, ఒక చుక్క రసం పిండి, కంటికి ఆనించి "బ్రిక్స్ ఎంతుంది?" అని చూసుకునే గొట్టం ఇదే. చెరకు కోతకొచ్చిందా లేదా అన్నదీ దీంతోనే తేలుస్తారు. రసంలో చక్కెర పాళ్లు చెప్పే ఈ బ్రిక్స్ 18 దాటితే గానుగకు సిద్ధమైనట్టు లెక్క. పొలం దాకా వచ్చిన ఈ గొట్టం వంటింటి గడప ఇంకా పెద్దగా దాటలేదు. దాటాలని నా కోరిక. అందుకు దీని పనితనాన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి.

జానెడు పొడవుంటుంది. ఒక కొస ఏటవాలుగా కోసినట్టుండి, అక్కడ నున్నటి గాజు పట్టకం. దాని మీద మూతలా వాలే ఒక పారదర్శకమైన రేకు. రెండో కొసన కన్ను ఆనించే రబ్బరు చుట్టు. అంతే. బ్యాటరీ లేదు, ముల్లు లేదు, తిరిగే చక్రం లేదు. గాజు మీద రెండు మూడు చుక్కలు వేసి రేకు వాలిస్తే ద్రవం పల్చటి పొరలా పరుచుకుంటుంది. వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల గుండ్రటి బయలు కనిపిస్తుంది. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. గీత ఏ అంకె మీద నిలిచిందో అదే జవాబు.

ఆ గీతను ఎవరూ గీయలేదు. నేను మురిసిపోయేది అక్కడే. వెలుగు చుక్కలోంచి గాజులోకి దిగేటప్పుడు వంగుతుంది. గాజు ముఖాన్ని రాసుకుంటూ వచ్చే కిరణం అన్నిటికంటే ఎక్కువ వాలుతో లోపలికి దిగుతుంది. అంతకు మించిన వాలుతో ఏ కిరణమూ దిగలేదు. అందుకే ఆ వాలుకు ఇవతల వెలుగు, అవతల చీకటి. చుక్కలో చక్కెర పెరిగితే ఆ హద్దు జరుగుతుంది. గొట్టం చేసేదల్లా ఆ హద్దును ఒక కొలబద్ద మీద పడేలా చూపించడమే. కొలిచే పని చుక్కే చేసుకుంటుంది.

ఆ హద్దు జరిగేది ఎంత అనుకున్నారు? ఇళ్లలోకి సరిపోయే 0 నుంచి 32 బ్రిక్స్ పరికరంలో మొత్తం ప్రయాణం, గాజు రకాన్ని బట్టి, మూడు నుంచి ఐదు డిగ్రీల కోణం లోపే. ఒక్కో బ్రిక్స్‌కు దక్కేది డిగ్రీలో పదో వంతో, ఇంకాస్తో. అంత సన్నటి జరుగుడును కంటికి తేటగా పరిచి చూపాలంటే పట్టకం ముఖం ఎంత నున్నగా ఉండాలి, కటకం ఎంత సరిగ్గా కూర్చోవాలి! కొలబద్దను జాగ్రత్తగా చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. గీతల మధ్య ఎడం అంతటా ఒకేలా లేదు. పైకి పోయేకొద్దీ కాస్త కాస్త పెరుగుతుంది. నీటి వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందన్న లెక్క, 1.3330. పది శాతం చక్కెరకు 1.3478, ఇరవైకి 1.3639, ముప్పైకి 1.3811. మెట్టు మెట్టుకూ పెరుగుదల ఎక్కువవుతోంది కదా, కొలబద్ద గీసినవాళ్లు దాన్ని వదిలిపెట్టలేదు.

దీని మూలపురుషుడు ఎర్న్‌స్ట్ ఆబె. జర్మనీలోని యేనా పట్టణంలో కార్ల్ జైస్ కర్మాగారంలో 1869లో మొదటి పరికరం తయారుచేసి, 1874లో దాని వివరాలు ప్రచురించాడు. నూలు మిల్లులో రోజంతా నిలబడి పనిచేసిన మేస్త్రీ కొడుకు. 1900లో జైస్ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలైంది కూడా ఆయన చలవే. ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య చదువుకునే పిల్లలకు ఈయన గురించి తప్పకుండా చెప్పాలనిపిస్తుంది. బ్రిక్స్ అన్న పేరు అంతకు ముందుతరం జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ బ్రిక్స్‌ది. ఆయన లెక్క కట్టింది ద్రవంలో తేలే గాజు బుడ్డి కోసం. వంద గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉంటే అన్ని బ్రిక్స్. తేలే బుడ్డికి గ్లాసెడు రసం కావాలి. గొట్టానికి చుక్క చాలు.

వాడేముందు సున్నా సరిచూసుకోవాలి. బోరు నీళ్లతో మాత్రం వద్దు. అనంతపురం నేలల్లో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, అవీ వెలుగును వంచుతాయి. మెకానిక్ షాపులో దొరికే బ్యాటరీ నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటరు, రెండు చుక్కలు వేసి, గీత సున్నా మీదికి వచ్చేదాకా పైనున్న చిన్న స్క్రూ తిప్పితే చాలు. కొలబద్ద 20 డిగ్రీల వేడికి గీసింది. మంచి పరికరాల్లో రెండు లోహాల పట్టీ ఒకటి లోపల ఉండి, వేడికి తగ్గట్టు వంగి, తేడాను తనే సర్దుతుంది. కానీ దాని పరిధి సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీలే. ఏప్రిల్ మధ్యాహ్నం మడకశిరలో ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి ఎండాకాలం ఉదయం పూటే చూడటం మేలు. అదే వేడిలో ఉన్న బ్యాటరీ నీళ్లతో అప్పటికప్పుడు సున్నా దిద్దుకున్నా చాలావరకు సరిపోతుంది.

శ్రీరామనవమి పానకంతో మొదలుపెట్టండి. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం వేస్తే మొత్తం 1100 గ్రాములు. బెల్లంలో ఉండే కాస్త తడి తీసేస్తే ఎనిమిదిన్నర బ్రిక్స్ చుట్టూ రావాలి. మిరియాలు, యాలకులు కరగవు కాబట్టి లెక్కలోకి రావు. పల్చటి గుడ్డలో వడగట్టి చూడాలి, నలకలుంటే గీత మసకబారుతుంది. ఒకే కొలతతో కలిపినా ఒక బెల్లంతో అంకె తగ్గిందంటే ఆ బెల్లంలో తడో, కరగని మడ్డో ఎక్కువుందన్నమాట. హిందూపురం మార్కెట్లో బెల్లం కొని తెచ్చుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

పాకం దగ్గర పని కాస్త నాజూకు. మరిగే పాకాన్ని గాజు మీద వేయకూడదు, పట్టకం అతుకు దెబ్బతింటుంది. తెరిచి చల్లారబెట్టినా తప్పే, ఆవిరి పోయి చిక్కబడుతుంది. మూతున్న చిన్న స్టీలు డబ్బాలో తీసుకోవాలి. కజ్జాయాల పాకం 80 దాటుతుంది, 32 దాకా చూపే గొట్టానికి అందదు. అందుకని పది గ్రాముల పాకానికి ఇరవై గ్రాముల నీళ్లు తూకం వేసి కలపాలి. కొలగిన్నెతో కాదు, తూకంతోనే. పాకం నీళ్లకంటే బరువైనది, గిన్నెతో కొలిస్తే లెక్క తప్పుతుంది. అలా పల్చన చేసిన పాకం 28 చూపితే అసలుది మూడింతలు, 84. పొరపాటూ మూడింతలవుతుందని గుర్తుంచుకోవాలి. నల్లబెల్లం పాకంలో చిక్కగా ఉన్నప్పుడు కనిపించని గీత, పల్చన చేస్తే తేటగా కనిపిస్తుంది, అది ఇంకో లాభం. చీనీ, దానిమ్మ రసాలతో స్క్వాష్, జామ్ చేసి అమ్మే మహిళా సంఘాలకు ఈ గొట్టం మరీ అవసరం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం స్క్వాష్‌లో కరిగిన పదార్థం 40 శాతానికి, జామ్‌లో 65 శాతానికి తగ్గకూడదు. తేనెకు 58 నుంచి 90 దాకా చూపే వేరే గొట్టం ఉంటుంది.

ఈ పరికరం అడిగినదానికే జవాబిస్తుంది. వెలుగు ఎంత వంగిందన్నదే దానికి తెలుసు, ఏది వంచిందో తెలియదు. హిందూపురం మార్కెట్టుకు బెల్లంతో పాటు చింతపండుకూ పేరుంది. చింతపండు పులుసు చుక్క వేసి చూడండి, నోరు వంకర తిరిగే పులుపుకూ బ్రిక్స్ చూపిస్తుంది. అందులోని ఆమ్లాలూ కరిగినవే మరి. ఉప్పయితే అదే బరువు చక్కెరకంటే కాస్త ఎక్కువే వంచుతుంది. మజ్జిగలో గీతే సరిగా నిలవదు. తెల్లవారి దించిన ఈత నీరాకు వచ్చిన అంకె నమ్మొచ్చు. పొద్దెక్కి పులియడం మొదలైతే నమ్మకూడదు. చక్కెర తగ్గుతూ పోతున్నా, పుట్టిన ఆల్కహాలు గీతను ఆ మేరకు కిందికి దిగనివ్వదు.

బెల్లం విషయంలోనూ ఒకచోట వేళ్లది పైచేయి. నరికిన చెరకు రోజుల తరబడి ఎండలో పడి ఉండి గానుగకెక్కితే, దాని చక్కెర కొంత గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. ఆ బెల్లం గడ్డ గట్టిగా నిలవదు, చెమ్మగిల్లుతుంది. ఉప్పునేల చెరకు బెల్లానిదీ అదే తీరు. గొట్టం మాత్రం మంచి బెల్లం పాకానికి చూపిన అంకెనే దీని పాకానికీ చూపిస్తుంది. అవ్వ వేళ్ల మధ్య ఉండ సాగిపోతుంది, ఆమె "ఇంకొంచెం కాగనీయప్పా" అని పొయ్యి దగ్గరే నిలబడుతుంది. కాబట్టి గొట్టం కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఎవరి పాకం బాగా కుదురుతుందో వాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు "చాలు" అన్న క్షణాన గరిటెడు పాకం డబ్బాలోకి తీసి మూతపెట్టండి. చల్లారాక తూకం వేసి, పల్చన చేసి, గీత ఎక్కడ నిలిచిందో చూసి ఆ అంకె రాసిపెట్టుకోండి. బెల్లం ఏ ఊరిదో, ఎప్పుడు కొన్నదో కూడా దాని పక్కనే రాయండి.