కులాన్ని చదివిన కాగితం, ఇంటిని చదివిన కాగితం

ఉప్పల్ చౌరస్తా నుంచి తార్నాక వైపు వెళ్తే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వస్తుంది. అదే చౌరస్తా దగ్గర ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం సీడీఎఫ్‌డీ వస్తుంది. మొదటిది 1977లో పుష్పమిత్ర భార్గవ చేతుల్లో పుట్టింది. రెండోది 1996లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కింద మొదలై, కొన్నేళ్లు నాచారంలో ఇసిఐఎల్ రోడ్డు మీద, ఆ తర్వాత నాంపల్లిలో నడిచి, చివరికి ఉప్పల్ చేరింది. రెండింటితోనూ జన్యుశాస్త్రవేత్త లాల్జీ సింగ్ పేరు పెనవేసుకుని ఉంది. బయటివాళ్లకు రెండూ ఒకటే, ‘డీఎన్‌ఏ టెస్టులు చేసే చోటు’. లోపల జరిగే చదువు మాత్రం ఒకటి కాదు. ఒకచోట సమూహాన్ని చదువుతారు, మరోచోట ఇంటిని చదువుతారు. ఆ రెండు చదువుల నుంచి చెరో కాగితం తీసి పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటి కాగితం 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో అచ్చయిన పరిశోధనా వ్యాసం. సీసీఎంబీ నుంచి కుమారసామి తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్, వారి సహచరులు రాసినది. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా మనుషుల డీఎన్‌ఏను పోల్చి చూశారు. వాటిలో 81 సమూహాలు ఒకప్పుడు గుప్పెడు మంది పూర్వీకుల నుంచి పెరిగి, ఆపైన తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. వంశపారంపర్య జబ్బుల పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ ఉదాహరణగా నిలిచే ఫిన్లాండ్ జనం, అష్కెనాజీ యూదుల కంటే కూడా ఈ సమూహాల్లో ఆ ముద్ర బలంగా ఉంది. వీటిలో 14 సమూహాల జనాభా పదేసి లక్షలు దాటినదే. అంటే మారుమూల తండాలో వందమంది సంగతి కాదిది.

మన వైశ్యుల ఉదాహరణ అందులోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము లోపించిన మనిషికి ఊపిరి కండరాలు గంటల తరబడి తేరుకోవు, అంతసేపూ వెంటిలేటరే దిక్కు. ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. అందుకే తెలిసిన మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు కులం అడుగుతాడు. ఆ ప్రశ్నకు రోగి ముఖం చిట్లిస్తాడు, అదీ సహజమే. కులం అడగడానికి ప్రాణం కాపాడే కారణం ఒకటి ఉండొచ్చని మనకు ఎవరూ చెప్పలేదు మరి.

రెండో కాగితానికి రచయితలు ఉండరు, సంతకం ఉంటుంది. అది సీడీఎఫ్‌డీ డయాగ్నస్టిక్స్ విభాగం లాంటి చోటునుంచి ఒక ఇంటికి వెళ్లే రిపోర్టు. తలసీమియా, కండరాలు క్షీణించే డుషెన్, వెన్నుపాము నరాలు దెబ్బతినే ఎస్ఎంఏ, ఏదైనా కావచ్చు. ఆ రిపోర్టు వెనుక పెన్సిల్‌తో గీసిన ఒక వంశవృక్షం ఉంటుంది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. జబ్బు ఉన్నవారిది పూర్తిగా నలుపు, లక్షణాలేమీ లేకుండా జన్యువును మోసే క్యారియర్‌ది సగం నలుపు. మొగుడూ పెళ్లాలను కలిపేది ఒక గీత, మేనరికమైతే రెండు గీతలు. ఆ రెండో గీత కోసమే జన్యు కౌన్సిలర్ అడుగుతుంది: “బయటి సంబంధమా, మేనరికమా అమ్మా?”

“బయటి సంబంధమే మేడం. కాకపోతే మా నాయనమ్మోళ్లది, వీళ్లమ్మోళ్లది ఒక్కటే ఊరు.”

ఒక గీతే గీస్తుంది. నియమం ప్రకారం అది సరైనదే. కానీ మొదటి కాగితం పక్కన పెట్టుకుని చూస్తే ఆ ఒంటి గీత అబద్ధమాడుతోందని అనుమానం వస్తుంది. ఊరు ఒకటి, కులం ఒకటి, తరతరాలుగా పెళ్లిళ్లు ఆ గిరి దాటలేదు. చుట్టరికం ఎవరికీ గుర్తులేదు గాని జన్యువుకు గుర్తుంది. మేనరికం ఒక్కటే ప్రమాదమని, ‘బయటి సంబంధం’ చేసుకుంటే భయం లేదని మనం పిల్లలకు చెబుతూ వచ్చాం. మేనత్త మేనమామ పిల్లల పెళ్లిలో ప్రమాదం పెరుగుతుందన్నది నిజమే. మామూలు దంపతుల్లో నూటికి రెండు మూడుగా ఉండే తీవ్రమైన పుట్టుక లోపాల అవకాశం వీరిలో సుమారు నాలుగు నుంచి ఆరుకు చేరుతుంది. అక్క కూతురిని చేసుకుంటే రక్తసంబంధం ఇంకా దగ్గరిది. అయితే మేనరికం మానేసి, అదే కులంలో, అదే నాలుగు మండలాల్లో సంబంధం వెతుక్కున్న ఇల్లు తాను తప్పించుకున్నానని అనుకున్న ప్రమాదంలో కొంత మళ్లీ కొని తెచ్చుకుంటుంది. ఇంటిని చదివే పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇది. మూడు నాలుగు తరాలకు దాని చూపు ఆగిపోతుంది.

ఇక్కడో చిన్న పిట్టకథ. మన గోత్రం లెక్క కూడా వంశపారంపర్యాన్ని చదివే ఒక పద్ధతే, కాకపోతే తండ్రి గీతను ఒక్కదాన్నే పట్టుకుంటుంది. సగోత్రం కూడదంటుంది, మేనమామ కూతురు సరేనంటుంది. శాస్త్రం మాటల్లో చెప్పాలంటే వై క్రోమోజోము నడిచే దారిని కాపలా కాస్తుంది, మిగతా 45 క్రోమోజోములకు తలుపు తీసి పెడుతుంది. వై మీద నడిచే లక్షణాల కోసం వెతికినవాడు కూడా మనవాడే. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, జన్యుశాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్ శిష్యుడు. చెవి అంచున వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తాయని 1960లో ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలతో వాదించాడు. దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు దాన్నే అచ్చేశాయి. 2004లో దక్షిణ భారత పురుషుల వై క్రోమోజోములను నేరుగా పోల్చిన అధ్యయనం ఆ వాదన నిలవదని తేల్చింది. అదే ద్రోణంరాజు మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద 1963లో రాసిన వ్యాసానికి మాత్రం విలువ తగ్గలేదు. చెవి వెంట్రుకల కథకు దొరికిన ప్రచారం దానికి దొరకలేదు, అంతే.

మళ్లీ రెండు కాగితాల దగ్గరకు వద్దాం. మొదటిదానిలోనూ లోపం లేకపోలేదు. సమూహాన్ని చదివేవాడికి చెప్పవలసిన మనిషి ఎదురుగా ఉండడు. 81 సమూహాల మాట పత్రికకెక్కేసరికి ‘ఫలానా కులానికి ఫలానా జబ్బు’ అన్న పుకారుగా మారుతుంది. అసలే కులం పేరుతో పిల్లను కాదనే ఊళ్లలో దీనికి ఇంకో సాకు దొరుకుతుంది. పైగా అన్ని మార్పులూ కులం గిరి లోపలే ఉండవు. గుండె కండరాన్ని బలహీనపరిచే, ఎంవైబీపీసీ3 జన్యువులోని 25 అక్షరాల కోత గురించి తంగరాజ్ బృందమే 2009లో రాసింది. దక్షిణాసియా జనంలో దాదాపు నూటికి నలుగురికి అది ఉంది, చాలా కులాల్లోకి పారింది. అందుకే కులాల వారీ జాబితాను చేతికిచ్చి జాగ్రత్తపడమనడం సగం చదువే అవుతుంది.

రెండో కాగితం లోపం వేరు. అది ఎప్పుడూ ఆలస్యంగా మొదలవుతుంది, ఒక బిడ్డ మంచాన పడ్డాకే. తర్వాతి గర్భంలో చూడాలంటే ముందు ఈ బిడ్డలో మార్పు ఏదో తేలాలి. 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీయాలి, లేదా 16 వారాలు దాటాక ఉమ్మనీరు తీయాలి. 24 వారాలు దాటితే 2021లో సవరించిన చట్టం ప్రకారం మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. వారాలు లెక్కపెట్టుకుంటూ తిరిగేది తల్లే. “నాలుగింట ఒకటన్నరు గద సార్, ఒకరికి వచ్చింది, ఇగ ముగ్గురికి రాదు గద” అని తండ్రి అడిగే ప్రశ్న కౌన్సిలర్లకు కొత్త కాదు. ఇద్దరూ క్యారియర్లయితే నాలుగింట ఒక వంతు అవకాశం ప్రతి కాన్పుకూ మళ్లీ మొదటినుంచే. జన్యువుకు పాత కాన్పు గుర్తుండదు.

అన్నిటికంటే ఆ ఇంటిని కుంగదీసేది, జన్యువులో మార్పు కనిపించింది గాని అది జబ్బుకు కారణమో కాదో తేలడం లేదని రాసి ఉండే రిపోర్టు. ఇలాంటి అయోమయం మనవాళ్లకు ఎక్కువగా ఎదురవుతుంది. పోల్చి చూసే పట్టికలు చాలాకాలం యూరప్ జనానివే కావడం ఒక కారణం. ఆ మార్పు మన దగ్గర వేలమంది ఆరోగ్యవంతుల్లో ఉందని తెలిస్తే భయం పోతుంది, ఎక్కడా లేదని తెలిస్తే అనుమానం బలపడుతుంది. ఆ సంగతి చెప్పగలిగేది మొదటి రకం చదువు ఒక్కటే. సీసీఎంబీతో సహా పలు సంస్థలు కలిసి చేసిన జీనోమ్ ఇండియా పథకం పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. నా దృష్టిలో ఆ పథకానికి అసలైన పాఠకుడు చరిత్రకారుడు కాడు, తేలని రిపోర్టు పట్టుకుని ఉప్పల్ బస్సెక్కిన తండ్రి.

రెండు కాగితాలూ ఒక్కసారే మూగబోయే చోటు క్రోమోజోములు. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుడితే అత్తగారు గ్రహణం అంటుంది, చదువుకున్న మరిది మేనరికం అంటాడు. రెండూ తప్పే. నూటికి సుమారు 95 మందిలో 21వ క్రోమోజోము మూడోది అదనంగా వచ్చి చేరడమే కారణం. ఎక్కువగా అది అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు. కులం చూసి రాదు, గోత్రం చూసి రాదు. తల్లి వయసుతో అవకాశం పెరుగుతుంది, 25 ఏళ్లకు సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి, 40కి నూటికి ఒకటి. పచ్చమూత గొట్టంలో తీసిన రక్తంలోని కణాలను మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, క్రోమోజోములను జతలుగా పేర్చి లెక్కపెడతారు. రిపోర్టులో ‘47, ఎక్స్ఎక్స్, +21’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. అది చూశాక వంశవృక్షం గీయవలసిన పని చాలా ఇళ్లలో ఉండదు. నూటికి మూడు నాలుగు ఇళ్లలో మాత్రం 21వ క్రోమోజోము ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చి ఉండొచ్చు, అప్పుడు వాళ్ల రక్తం కూడా చూడాలి. ఈ తేడా చెప్పకుండా ‘మీ వంశంలోనే ఉంది’ అనేసే డాక్టరు ఒక కోడలి జీవితాన్ని చేజేతులా పాడుచేసినట్టే.

ఇక జీన్ థెరపీ. తెలుగు టీవీ దీన్ని ‘16 కోట్ల ఇంజెక్షన్’గా పరిచయం చేసింది. ఎస్ఎంఏ ఉన్న పసిబిడ్డకు లోపించిన ఎస్ఎంఎన్1 జన్యువు నకలును ఒక వైరస్ మోసుకెళ్లి కణాల్లో దించుతుంది. అదే జోల్‌జెన్‌స్మా, 2019లో అమెరికాలో అనుమతి పొందింది. ఒక్కసారే ఇస్తారు. ఆ వైరస్‌కు శరీరం ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది కాబట్టి రెండోసారి పనికిరాదు. చందాలు పోగుచేసి బిడ్డను నిలుపుకున్న ఇళ్లను చూసి మనం కళ్లు తుడుచుకున్నాం. దాని పక్కనే పెట్టి చూడవలసిన మందుకు అంత కన్నీరు దొరకలేదు. రిస్‌డిప్లామ్ రోజూ నోట్లో పోసే మందు. కొత్త జన్యువునేమీ పెట్టదు, మనలో ఉన్న ఎస్ఎంఎన్2 అనే అరకొర జన్యువు చేత ఎక్కువ ప్రొటీను చేయిస్తుంది. రోష్ కంపెనీ సీసా సుమారు ఆరు లక్షలు ఉండేది. 2025 అక్టోబరులో రోష్ అప్పీలును ఢిల్లీ హైకోర్టు కొట్టేశాక, మన హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందు సీసాను ₹15,900కు తెచ్చింది. జీవితాంతం వాడాలి, అదీ తక్కువ ఖర్చేమీ కాదు. అయినా ఎక్కువ మంది పిల్లలకు ఏది అందుతుందని అడిగితే నేను సీసా వైపే ఉంటాను.

సొంత జీన్ థెరపీ మన దగ్గరా మొదలైంది. రాయలసీమ జనం జ్వరమొచ్చినా వెళ్లే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో హీమోఫీలియా-ఎ తీవ్రంగా ఉన్న అయిదుగురి మూలకణాలను సరిదిద్ది తిరిగి ఎక్కిస్తే రక్తస్రావాలు ఆగాయని 2024 డిసెంబరులో అక్కడి వైద్యులు ప్రకటించారు. సికిల్ సెల్ కోసం ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధన సంస్థ జన్యువును కత్తిరించి దిద్దే క్రిస్పర్‌తో చేసిన బిర్సా 101 చికిత్స మరుసటి ఏడాది నవంబరులో బయటికొచ్చింది. ఆదిలాబాద్ గూడేలకు అది ఎప్పుడు చేరుతుందన్నది వేరే ప్రశ్న.

ఇవేవీ వంశవృక్షాన్ని తిరగరాయవు. జన్యువు దిద్దింది నరాల కణాల్లోనో, రక్తపు మూలకణాల్లోనో. అండంలో, వీర్యకణంలో పాతదే ఉంటుంది. 16 కోట్లతో నిలబడిన బిడ్డ పెద్దయ్యాక తన బిడ్డలందరికీ ఆ లోపపు జన్యువును ఒక్కొక్కటి ఇస్తాడు. అంతకంటే ముందే అతని మేనత్త ఉంది. తమ్ముడు, అంటే ఆ బిడ్డ తండ్రి, క్యారియర్ అని తేలిందంటే ఆమెకూ అదే ఉండే అవకాశం రెండింట ఒకటి. ఆమె ఇప్పుడు గర్భవతి కావచ్చు, కూతురికి సంబంధాలు చూస్తూ ఉండొచ్చు. రిపోర్టు చివర ‘దగ్గరి బంధువులకు పరీక్ష చేయించండి’ అని రాసి ఉంటుంది. ఆ మాట ఆమెకు చేరవేసే పని సమూహాన్ని చదివినవారిదీ కాదు, ఇంటిని చదివినవారిదీ కాదు. అసలే తప్పంతా తనదేనని నలుగురూ అనుకుంటున్న కోడలి నెత్తిన పడింది. ఆడపడుచుకు ఫోన్ చేసి “వదినా, మీరూ ఒకసారి రక్తం ఇచ్చి రండి” అనడానికి ఆమెకు ధైర్యం చాలదు. వెతకవలసిన మార్పు ఏదో ముందే తెలుసు కాబట్టి జన్యుక్రమమంతా చదవనక్కర్లేదు, ఆ ఒక్క జన్యువు చూస్తే చాలు. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం, ఊదామూత గొట్టంలో.