ఇచ్చింది ఎవరికి?

తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1999లో పెళ్లయి అమెరికా వెళ్లిన ఒక స్త్రీకి 2016లో అక్కడే విడాకులయ్యాయి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది కూడా. ఆ తర్వాత 2021లో ఆమె తండ్రి, పెళ్లిలో పెట్టిన బంగారం తిరిగివ్వలేదని మాజీ వియ్యాలవారి మీద కేసు పెట్టాడు. స్త్రీధనం పూర్తిగా ఆమెదేననీ, ఆమె అధికారమివ్వకుండా తండ్రి అడగడానికి వీల్లేదనీ కోర్టు ఆ కేసు కొట్టేసింది.

మంచి తీర్పే. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి తీర్పులోనైనా మాట్లాడేదెవరని చూడటం నాకలవాటు. ఇక్కడ బంగారం గురించి తగవు పడింది తండ్రీ, అత్తమామలూ. బంగారం ఎవరిదో ఆమె కక్షిదారు కాదు.

ఈ గైర్హాజరు మన భాషలోనే ఉంది. "అమ్మాయికి ఇరవై తులాలు పెట్టాం" అంటారు పుట్టింటివారు. పెట్టిన కర్త వాళ్లు. పుచ్చుకున్న కర్త అత్తవారు. ఆమె మాత్రం "కి" అనే విభక్తి దగ్గర ఆగిపోతుంది. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం సంగతీ అంతే. "ఇది నాది" అన్న పిల్లని గయ్యాళి అంటాం.

'కన్యాశుల్కం'లో మధురవాణిని చూడండి. పెళ్లికూతురికి పెట్టడానికి ఎరువిచ్చిన కంటె మాయమైతే రామప్ప పంతుల్ని నిలదీసి అడుగుతుంది. అలా అడగగలిగింది ఆమె ఎవరి భార్యా కాదు గనకేనా?

చట్టానికి ఈ మాట కొత్త కాదు. స్త్రీధనం భర్త చేతిలో ఉన్నా అతను దానికి కాపలాదారేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బంగారం కరుగుతుంది. మరిది చదువుకో, భర్త కొన్న స్థలానికో తాకట్టుకి వెళ్తుంది. విడాకుల రోజున "రుజువేది?" అంటారు. పెళ్లికి ముందు అతను కొనుక్కున్న ఇల్లు మాత్రం కరగదు. దానికి రిజిస్ట్రేషన్ కాగితముంది. ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో ఆమె చేసిన చాకిరీకి ఏ కాగితమూ లేదు. గోవా లాంటి చోట్ల తప్ప మన దేశంలో దంపతుల ఆస్తి ఉమ్మడి అనే సూత్రం లేదు. 1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షను కూడా పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల గురించే మాట్లాడుతుంది. ఎవరిది వారికే అన్న నియమం చూడటానికి సమానమే. కాగితాలు ఒకరి దగ్గరే ఉన్నప్పుడు అది సమానత్వమెలా అవుతుంది?

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది. నూటపదహార్లు ఎవరిచ్చారో కూడా ఒక బాబాయో మేనమామో కూర్చుని రాస్తాడు. పెళ్లికూతురికి వచ్చిన కానుకల జాబితా ఆమే ఉంచుకోవాలనీ, వస్తువు, విలువ, ఇచ్చినవారి పేరు రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలనీ వరకట్న నిషేధ చట్టం కింద 1985లో నియమాలొచ్చాయి. ఆ కాగితం అడిగితే అపశకునమంటారు. నగల పెట్టె తాళం ఆమెకివ్వరు, కలం కూడా ఇవ్వరు.

"నాకిచ్చారు, కాబట్టి నాది." ఈ వాక్యం రాయడం విడాకుల కోర్టులో కాదు, పెళ్లిపందిట్లోనే మొదలవ్వాలి.