‘మాటీ గ్రోవ్స్’ గేయమున ప్రభుపత్ని పాత్ర

కథాగేయములలో పాత్రల మనస్సును గేయకర్త విప్పి చెప్పడు. పాత్రలు పలుకును, కదలును, చంపును, చచ్చును. ఏల యట్లు చేసినవో శ్రోతయే గ్రహింపవలెను. కావున నిట్టి గేయములపై చేయు విమర్శ తఱచుగా విమర్శకుని పూర్వాభిప్రాయములనే వెల్లడించుచుండును. ఆంగ్లదేశమున ఫేర్‌పోర్ట్ కన్వెన్షన్ అను గాయకబృందము 1969లో ‘లీజ్ అండ్ లీఫ్’ అను గానసంపుటమునందు పాడిన ‘మాటీ గ్రోవ్స్’ ఇందుకు తగిన యుదాహరణము. అందలి ప్రభుపత్ని కాముకురాలనియు, ప్రభువు ధర్మయుద్ధము చేసిన వీరుడనియు చెప్పి ముగించుట సులభము. మే మట్లు తలంపము.

గేయము మిక్కిలి ప్రాచీనము. 1882 మొదలు 1898 వఱకు వెలువడిన చైల్డ్ పండితుని సంకలనమునందలి 305 కథాగేయములలో నిది 81వది. ప్రభువు పేరు పాఠాంతరములలో పలువిధములుగ నున్నది. జానపదవాఙ్మయ పరిచయము గలవారి కిది వింత గాదు. ఫేర్‌పోర్ట్ వారు దీనిని విద్యుత్ గిటారులతోను, డ్రమ్ములతోను పాడిరి. ఇట్టి గానమునే ఫోక్ రాక్ అందురు.

కథ చిన్నది. పండుగనాడు చర్చికి వచ్చిన మాటీని ప్రభుపత్ని తన యింటికి రమ్మనును. వ్రేళ్ళ యుంగరములను బట్టి యామె యెవ్వరో గుర్తించి యతడు జంకును. భర్త యింట లేడని యామె చెప్పును. సేవకు డొకడు ఆ మాట విని, పరుగెత్తి, ఏరీది, ప్రభువునకు తెలుపును. మాటీ కన్ను తెఱచునప్పటికి ప్రభువు మంచముకడ నిలిచియుండును.

అతడు శత్రువును నిదురలో చంపడు. లేచి బట్టలు కట్టుకొమ్మనును. తన రెండు కత్తులలో మేలైనదాని నిచ్చును. మొదటి దెబ్బ నీదే యనును. ఇది యౌదార్యమువలె తోచును. కాని యందుల కతడు చెప్పిన కారణమేమి? వివస్త్రుని చంపితినన్న మాట దేశమున పుట్టరాదని! మాటీపై దయ గాదిది, తన కీర్తిపై శ్రద్ధ.

మాటీ కూలిన పిమ్మట ప్రభువు భార్యను ఒడిలో కూర్చుండబెట్టుకొని, మా యిద్దఱిలో నీ కెవ్వరు ప్రియులని యడుగును. ఈ ప్రశ్నయే గేయమునకు జీవగఱ్ఱ. చంపదలచినవా డడుగ నక్కఱ లేదు. క్షమింపదలచినవాడును అడుగ నక్కఱ లేదు. కత్తితో గెలిచినది చాలక, భార్య నోటను తానే గెలిచినట్లు వినగోరెను. అబద్ధ మాడినచో నామె బ్రదికియుండునేమో. ఆమె యాడలేదు. నీకంటెను, నీ వైభవముకంటెను చచ్చిన మాటీయే నాకు మేలనును. ఆమె యంత స్వేచ్ఛగ పలుకుట మున్నెవ్వరును వినలేదని గేయమే చెప్పుచున్నది. చర్చిలో మాటీని పిలిచినది స్వేచ్ఛ గాదా యని యడుగవచ్చును. అది భర్త చాటున నాడిన మాట. ఇది భర్త యెదుట నాడిన మాట. ఆలంకారికుల పద్ధతి ననుసరించి యామెను పరకీయ యని యూరకుండినచో ఈ భేదము మఱుగుపడును. ప్రభువునకు ధీరోద్ధతుడను పేరు చక్కగ సరిపోవును గాని, ఆమె కట్టి పేరు మాకు దొరకలేదు.

శత్రువునకు కత్తి యిచ్చినవాడు భార్యకు సమయమైన నీయక, గుండెలో పొడిచి గోడకు గ్రుచ్చెను. ఈ మాటల నన్నింటిని గాయని శాండీ డెన్నీ యొక్క గొంతుతోనే, పాత్రపాత్రకు కంఠము మార్చక పాడినది. తీర్పు శ్రోతకే విడిచిన యా నిగ్రహము మెచ్చదగినది.

ప్రాచీనపాఠ మొకదానిలో ప్రభువు పిదప విలపించును. తన చేయి పట్టి యాపరైతిరేమని పరిజనమును నిందించును. 1969 నాటి పాటలో నా విలాపము లేదు. ఇద్దఱిని ఒక్క గోతిలో పూడ్చుడనియు, ఉత్తమవంశజ గావున భార్యను పైన నుంచుడనియు ఆజ్ఞ మాత్రము గలదు. ఆమె చచ్చిన పిమ్మటను అతడు తలచినది వంశమునే. అయినను వారిని వేఱువేఱుగ పూడ్పింపడయ్యెను. ఇది తన యోటమి నంగీకరించుటయో, కోపము చల్లారని యుపేక్షయో మేము నిశ్చయింపజాలము.