ఎక్కడ నునుపు, ఎక్కడ గరుకు

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో పొడవాటి చెక్కబల్ల మీద పాత నూలు చీర పరిచారు. దాని మీద ఒక అంబాసిడర్ ఇంజను, విప్పిన వరుసలోనే, ఎడమ నుంచి కుడికి పేర్చి ఉంది. ఎనిమిది వాల్వులు ఒక అట్టకు పొడిచిన ఎనిమిది చిల్లుల్లో నిలబడ్డాయి. ఒక్కో చిల్లు పక్కన పెన్సిలుతో వేసిన నంబరు. మేస్త్రి ఒక్కో భాగాన్నీ తీసి గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ అదే చోట పెడుతున్నారు. మూడు వారాల పాటు వీలైనప్పుడల్లా వెళ్లి ఆ బల్ల పక్కన కూర్చున్నాను. పాత ఇంజనును బాగుచేయడమంటే తుప్పు వదలగొట్టి తళతళలాడించడమే అనుకుంటూ వెళ్లాను. ఏ ముఖానికి ఎంత నునుపు కావాలో, దేన్ని గరుకుగానే వదిలేయాలో, దేని జోలికే వెళ్లకూడదో ఎరిగి ఉండటమే ఈ పనితనమని అక్కడ తెలుసుకున్నాను.

ఇది 1489 సీసీ ఇంజను. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ బి-సిరీస్ పేరుతో తయారుచేసిన నాలుగు సిలిండర్ల ఇంజను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు బెంగాల్లోని ఉత్తర్‌పారాలో, హిందుస్థాన్ మోటార్స్ చేతుల్లో అంబాసిడర్‌గా మారింది. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. కలెక్టరు గారి కారు, రైల్వే స్టేషన్ ముందు టాక్సీ, పెళ్లికొడుకు దిగిన పూలదండల కారు, ఇలా మన జిల్లాల్లో ఒక తరానికి కారంటే ఇదే. సిలిండరు అడ్డుకొలత సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టన్ ఒకసారి నడిచే దూరం 88.9 మిల్లీమీటర్లు. వెడల్పు కన్నా నడక పొడవు. తక్కువ తిరుగుళ్లలోనే బరువు లాగే దీని గుణానికి ఆ నిష్పత్తి కూడా ఒక కారణం.

విప్పడం దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. ఒక వాల్వు ఏళ్ల తరబడి ఒకే సీటు మీద కూర్చుని దానికి తగ్గట్టు అరుగుతుంది. కనెక్టింగ్ రాడ్డుకు కింద బిగించే క్యాప్‌ను ఆ రాడ్డుతో కలిపే కోసి ఉంటారు, కాబట్టి ఒకదాని క్యాప్ మరొకదానికి పనికిరాదు. ఈ రాడ్ల తయారీలో ఒక తెలివి ఉంది. కింది భాగాన్ని అడ్డంగా కోయకుండా ఏటవాలుగా కోశారు. నేరుగా కోస్తే ఆ వెడల్పు సిలిండరులో పట్టదు; ఏటవాలు కోత వల్ల రాడ్డు పిస్టన్‌తో సహా సిలిండరు గుండా పైకి వచ్చేస్తుంది. పైకి తీసిన పిస్టన్ల మసి గోకితే నెత్తి మీద 020 అనే అంకెలు బయటపడ్డాయి. అంటే ఈ సిలిండర్లను ఇంతకు ముందే ఎవరో 20 థౌ మేర పెద్దవి చేశారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మేస్త్రి ఆ అంకెలను అట్ట మీద ఒక మూల రాసుకున్నారు.

తరువాత కడుగుడు. పోత ఇనుప బ్లాకు వేడి కాస్టిక్ సోడా తొట్టిలోకి పోతుంది. అల్యూమినియం భాగాలు ఆ ఛాయలకు పోకూడదు, సోడా వాటిని తినేస్తుంది. వాటికి కిరోసిన్, మెత్తని బ్రష్. బ్లాకు పక్కలనున్న డమ్మీ ప్లగ్గులు పీకితే నీటి దారుల్లో తుప్పు బురద కనిపించింది. నాలుగో సిలిండరు వెనక అది గట్టు కట్టింది. దాన్ని వంచిన తీగతో గంటసేపు తోడారు. అంతకన్నా ముఖ్యమైనవి ఆయిలు దారులు. వాటి చివర్ల బిరడాలు కూడా విప్పి, సీసాలు తోమే బ్రష్ లాంటి సన్నని పొడవాటి బ్రష్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి, గాలి కొట్టారు. అక్కడ మిగిలిన చిటికెడు లోహపు పొడి మొదటి రోజే కొత్త బేరింగుల్లోకి చేరి, చేసిన పనంతా పాడుచేస్తుంది.

ఇక కొలతలు. సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పైన రింగు తిరిగివచ్చే చోట వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ, కాబట్టి అరుగుదల అక్కడే ఎక్కువ. పైగా రాడ్డు వాలి తోయడం వల్ల పిస్టన్ ఒక పక్కకే ఒరుసుకుంటుంది, గుండ్రం కాస్తా కోలగా మారుతుంది. డయల్ గేజ్‌తో పైనా, మధ్యలో, కిందా, రెండేసి దిక్కుల్లో కొలిచి చూస్తే 20 సైజు దాటిపోయిందని తేలింది. 40 సైజుకు బోరింగ్ చేయించాలి. అప్పుడు ఇంజను 1489 నుంచి సుమారు 1531 సీసీ అవుతుంది.

బోరింగ్ మిషను వదిలిన గోడ కంటికి అద్దంలా ఉంది. ఆ గోడ మీద హోనింగ్ రాళ్లు తిప్పుతూ, పైకీ కిందకీ ఆడిస్తూ, మేస్త్రి సన్నని గీతలు పెట్టించారు. గీత మీద గీత ఏటవాలుగా పడి, చాప అల్లికలా గళ్లు తేలాయి. ఇంత నున్నగా కోసి మళ్లీ గీతలెందుకని అడిగాను.

"గీత ఉండాలండీ. గీత లేకపోతే ఆయిలు ఎక్కడ నిలబడుద్ది?" అన్నారాయన.

ఆ గీతల లోతులో ఆయిలు నిలుస్తుంది, వాటి శిఖరాల మీద కొత్త రింగు తొలి కిలోమీటర్లలో కుదురుకుంటుంది. అద్దంలా వదిలేస్తే రింగు కుదరదు, ఇంజను ఆయిలు తాగుతుంది. హోనింగ్ అయ్యాక సిలిండర్లను వేడి నీళ్లతో, సబ్బుతో తోమారు. కిరోసిన్ ఆ గీతల్లో ఇరుక్కున్న రాతి పొడిని వదిలించలేదట. తెల్లగుడ్డ రుద్దితే బూడిద రంగు అంటింది. మళ్లీ సబ్బు, మళ్లీ గుడ్డ. ఐదోసారికి గుడ్డ తెల్లగా తిరిగి వచ్చింది. నీళ్లు ఆరీ ఆరకముందే ఆయిలు పూశారు, ఒట్టి ఇనుము నిమిషాల్లోనే తుప్పు పడుతుంది కాబట్టి.

క్రాంకు షాఫ్టుది దీనికి పూర్తిగా ఎదురు నియమం. మూడు చోట్ల బ్లాకులో కూర్చుని తిరిగే ఈ ఉక్కు కడ్డీ మెడలు నిజంగానే అద్దంలా ఉండాలి. మెడకూ బేరింగు షెల్‌కూ మధ్య ఉండే సందు సుమారు 2 థౌ, వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందులో ఒత్తిడితో నిండే ఆయిలు పొర మీద షాఫ్టు తేలుతూ తిరుగుతుంది. అన్నీ సక్రమంగా ఉంటే, తిరిగేటప్పుడు లోహం లోహాన్ని తాకదు. గీత పడిన మెడ ఆ పొరను చింపుతుంది. మైక్రోమీటరుతో కొలిచి 10 థౌ తగ్గించి గ్రైండింగ్ చేయించారు. మెడ, అంచు కలిసే మూలను మాత్రం గుండ్రంగానే ఉంచాలి. అక్కడ పదును మూల పడితే పగులు అక్కడే పుడుతుంది. షాఫ్టు వెనక చివర ఒక మర కోసి ఉంది. దానికి ఏ నట్టూ ఎక్కదు. షాఫ్టు తిరిగే దిక్కుకు తగ్గట్టు కోసిన ఆ మర, బయటికి పాకబోయే ఆయిలును లోపలికి తిప్పి నెడుతుంది. రబ్బరు సీలుతో నిమిత్తం లేకుండా ఒక గాడి చేసే కాపలా అది. మేస్త్రి దాన్ని గ్రైండింగ్ వాళ్లకు వేలు పెట్టి చూపించి, ముట్టుకోవద్దని చెప్పి పంపారు.

హెడ్డు సంగతికి వస్తే, మంట మండే గది ఆకారం హృదయంలా ఉంటుంది. రెండు వాల్వుల మధ్యకు పొడుచుకొచ్చిన కొన, లోపలికొచ్చే మిశ్రమానికి సుడి తిప్పడానికి. మసి గీకి ఆ కొనను అలాగే కాపాడారు. ఎగ్జాస్టు వాల్వులకు గట్టి లోహపు కొత్త సీట్లు వేయించారు. ఈ ఇంజను పుట్టిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు, అది సీటుకు రక్షణగా పనిచేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. కాలం మారినచోట మాత్రమే భాగం మారింది.

వాల్వును సీటుకు కుదిర్చే పని చూడముచ్చటగా ఉంటుంది. అంచుకు గ్రైండింగ్ పేస్టు చుక్కలు పెట్టి, రబ్బరు కప్పు ఉన్న కర్రను వాల్వు మీద అదిమి, రెండు అరచేతుల మధ్య చేతికవ్వంలా అటూ ఇటూ తిప్పుతారు. కాసేపటికోసారి ఎత్తి, పావు చుట్టు జరిపి, మళ్లీ తిప్పుతారు. లేకపోతే ఒకే చోట గాళ్లు పడతాయి. మొదట గరగరమన్న శబ్దం క్రమంగా మెత్తబడి గుసగుసగా మారింది. తుడిచి చూస్తే వాల్వు అంచు చుట్టూ సన్నని బూడిదరంగు పట్టీ, ఎక్కడా తెగకుండా ఉంది. మెరుపు లేని ఆ పట్టీయే మంటను ఆపే తలుపు. స్ప్రింగులు బిగించాక ఆ గదిలో పెట్రోలు పోసి వదిలేశారు. టీ తాగి వచ్చి చూస్తే మట్టం తగ్గలేదు, పోర్టులో తడి లేదు.

కార్బ్యురేటరు పాత ఎస్‌యూ రకం. ఒకే భాగంలో రెండు నియమాలు చూడాలంటే దాని గుమ్మటాన్ని చూడాలి. అందులో ఒక పిస్టన్ గోడను తాకీ తాకనట్టుగా పైకీ కిందకీ కదులుతుంది. ఇంజను గాలి ఎక్కువ అడిగితే పిస్టన్ లేస్తుంది. దానికి వేలాడే, కోసుగా సన్నబడే సూది జెట్టులోంచి పైకి వస్తుంది, సన్నని భాగం ఎదురుపడి పెట్రోలుకు దారి పెరుగుతుంది. పిస్టన్ కాడలో పోసే కాస్త ఆయిలు, దాన్ని గబుక్కున ఎగరకుండా పట్టి ఉంచుతుంది. గుమ్మటం బయటి వైపును పాలిష్ చేసి మేస్త్రి ముఖం కనబడేలా చేశారు. లోపలి వైపున పెట్రోలు, మెత్తని గుడ్డ, అంతే. ఎమరీ కాగితం ఒక్కసారి తగిలినా ఆ సందు మారిపోతుంది. బిగించాక పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలారు. అది నెమ్మదిగా దిగి చివర టక్కుమంది. ఆ చప్పుడు కోసమే ఆయన చెవి పెట్టారు.

పైపూతలు ఆఖరు. బ్లాకు పక్కన ఒక బ్రాకెట్ విప్పితే, ఎండా ఆయిలూ తగలని అరచేయంత చోట అసలు రంగు దొరికింది. దానికి సరిపోయేలా వేడికి తట్టుకునే రంగు కలిపించి, పలచగా రెండు పూతలు వేశారు. ఇసుక అచ్చులో పోసినప్పటి గరుకును లప్పం పెట్టి కప్పలేదు, ఎందుకంటే అది ఆ ఇనుము పుట్టుమచ్చ. ప్యాకింగు కూర్చునే ముఖాలకు ముందే కాగితం అంటించారు. బయటి బోల్టులకు జింకు ప్లేటింగ్ వేయించారు. కనెక్టింగ్ రాడ్ల బోల్టులను మాత్రం ఆ తొట్టికి పంపలేదు. ప్లేటింగ్ తొట్టిలో లోహంలోకి ఇంకే హైడ్రోజన్ అంత గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది.

కూర్చేటప్పుడు అట్ట మీది నంబర్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. ట్యాపెట్లు సెట్ చేసేటప్పుడు ఒక లెక్క నేర్చుకున్నాను. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో దాని సందు చూడాలి; ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ఎప్పుడూ కూడితే తొమ్మిది. దీనికి కారణం ఇంజను కట్టుబడిలోనే ఉంది. ఒకటి, నాలుగు పిస్టన్లు జతగా లేచి జతగా దిగుతాయి, రెండు, మూడు మరో జత. వాల్వులేమో మధ్యలో అద్దం నిలబెట్టినట్టు అటు నుంచీ ఇటు నుంచీ ఒకే వరుసలో ఉంటాయి. దాంతో ఒకటి తెరుచుకున్న వేళ దాని ప్రతిబింబం పూర్తి విశ్రాంతిలో ఉంటుంది.

స్టార్ట్ చేసే ముందు స్పార్కు ప్లగ్గులు తీసేసి, బరువు లేకుండా ఇంజనును తిప్పారు. డాష్‌బోర్డు మీద ఆయిలు దీపం ఆరే వరకూ తిప్పుతూనే ఉన్నారు. కడిగిన దారులన్నిటిలోకీ ఆయిలు చేరిందన్నాక ప్లగ్గులు పెట్టి తాళం తిప్పారు. ఇంజను కాస్త తడబడి, అందుకుని, ఒకే వరస మీద నిలబడింది. ఆ గళ్ల గీతలూ, అద్దపు మెడలూ, బూడిద పట్టీలూ ఇక ఎవరి కంటా పడవు.

మేస్త్రి ఎనిమిది చిల్లుల అట్టను తిప్పి వెనక వైపు రాశారు: బోరు 40, క్రాంకు 10, వచ్చేసారి లైనర్లు. తేదీ వేసి, మడిచి కారు యజమాని చేతికిచ్చారు. "రికార్డుల్లో పెట్టుకోండి సార్. రేపు విప్పేవాళ్లకి పనికొస్తుంది." ఎప్పుడో ఎవరో పిస్టన్ల మీద వదిలిన 020కి, ఇక ముందు ఎప్పుడో ఈ ఇంజను విప్పబోయే చేతులకు ఆయన ఇచ్చిన జవాబు అది.