వేగుల ఓపిక
ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ 2003లో విడుదల చేసిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అంతరిక్ష ఆటలో పేరంతా యుద్ధాలు గెలిచేవాళ్లదే. నాకు మాత్రం వేగులంటేనే ముచ్చట. మారుపేరుతో శత్రు కూటమిలో చేరి, నెలల తరబడి వాళ్లతో గనులు తవ్వి, వాళ్ల జోకులకు నవ్వి, దళం ఎప్పుడు కదులుతుందో ఇవతలికి చేరవేస్తారు. ఇంకొందరు వార్మ్‌హోల్ అనే మారుమూల అంతరిక్ష ప్రాంతంలో ఓడను కనబడకుండా దాచి, స్కానర్ నొక్కుతూ, ఎవరు ఏ వేళకు వస్తున్నారో రాసుకుంటారు. అక్కడ చాట్‌లో నోరు విప్పితే తప్ప ఎవరి పేరూ కనబడదు మరి. కూలిన ఓడల రికార్డులు తిరగేసినా అవతలివాళ్ల ఆయుధాలు తెలిసిపోతాయి. లోపలివాడు తిరగబడితే కూటమే పోతుంది: 2009లో ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ అనే మహా కూటమిని, శత్రు కూటమి గూన్‌స్వార్మ్ వైపు తిరిగిన సొంత డైరెక్టరే రద్దు చేసేశాడు. ద్రోహమే, కాదనను, ఆట నిబంధనలు మాత్రం దాన్ని అడ్డుకోవు.