శాస్త్రగ్రంథకర్తల భృతి: క్రియాఫలవిచారము

శాస్త్రగ్రంథము వ్రాసినవానికిఁ బ్రకాశకుఁ డిచ్చు ద్రవ్యము భృతియా, ఫలభాగమా? ఈ సంశయము వ్యాకరణజ్ఞులకుఁ గ్రొత్తది కాదు. క్రియాఫలము కర్తకుఁ జెందునపుడు ఉభయపదిధాతువుల కాత్మనేపదము వచ్చునని పాణిని ప్రథమాధ్యాయమున విధించెను. యజమానుఁడు 'యజతే', ఋత్విక్కులు 'యజంతి'. ఋత్విక్కులకు దక్షిణ లభించుచున్నను యాగారంభము దక్షిణకొఱకుఁ గాదు, స్వర్గముకొఱకు. ఆ స్వర్గము యజమానునిది. కావున దక్షిణ ముఖ్యఫలము కాదని వృత్తికారులు తేల్చిరి.

ఒక్కమాఱు సొమ్ము పుచ్చుకొని హక్కులన్నియు విడిచిన గ్రంథకర్త స్థితి యిట్టిదే. 1746లో లండను పుస్తకవిక్రేతలు ఆంగ్లనిఘంటువునకై శామ్యూల్ జాన్సనుతో 1,500 గినీల కొడంబడిక చేసికొనిరి. లేఖకుల జీతములును అందుండియే చెల్లింపవలసి యుండెను. 1755లో నిఘంటువు రెండు సంపుటములుగా వెలువడెను. కీర్తి స్థిరమయ్యెను, కాని మఱుసటి సంవత్సరమే అతఁడు ఆఱు పౌనులైన నిండని ఋణమునకై నిర్బంధింపఁబడెను. 1762లో రాజు సాలునకు 300 పౌనుల వృత్తి యేర్పఱచిన పిదపఁగాని యతని ధనచింత తీఱలేదు.

ఇందుఁ బూర్వపక్ష మొకటి కలదు. కాగితము, అచ్చుకూలి, అమ్ముడుపోని ప్రతుల నష్టము ప్రకాశకునివి. శాస్త్రగ్రంథములు కొనువా రల్పులు. కావున ముందుగా నిశ్చితద్రవ్యము పొందిన కర్తకే లాభమని. మొదటి కూర్పు విషయమున నీ వాదము చెల్లును. పెట్టుబడి తిరిగివచ్చిన పిమ్మటి కూర్పులయం దిది చెల్లదు. మఱియు శాస్త్రగ్రంథము కావ్యమువలె నొకసారి వ్రాసి విడువఁదగినది కాదు. శాస్త్రము పెరిగినకొలఁది దానిని సంస్కరింపవలెను; ఆ శ్రమము మరలఁ గర్తదే.

భారతదేశపు 1957 నాఁటి కాపీరైటు చట్టము 1994లో సవరింపఁబడి కొంత రక్షణ కల్పించినది. హక్కుల బదలాయింపు సంతకముతోఁ గూడిన పత్రముననే జరుగవలెను. రాయల్టీ యున్నచో దాని మొత్తము నందుఁ జూపవలెను. కాలము చెప్పనిచో నైదేండ్లే. జీతమునకుఁ గుదిరి యుద్యోగధర్మముగా వ్రాసిన గ్రంథమున, వేఱొడంబడిక లేనియెడల, హక్కు యజమానిదే. న్యాయమైన పా లెంత యన్నది మాత్రము చట్టము చెప్పదు. అది యొడంబడికకే విడువఁబడినది. కావున సంతకమునకు ముందే కాలమును, కూర్పుల సంఖ్యను, సంస్కరణభృతిని, చిత్రముల యొక్కయు సహాయకుల యొక్కయు వ్యయమును విడివిడిగా వ్రాయించుకొనవలెను.

ఋత్విక్కు దృష్టాంత మొక్కచోట నిలువదు. యాగమున సంకల్పము యజమానునిది. శాస్త్రగ్రంథమున జ్ఞానమును, క్రమమును, తప్పొప్పుల బాధ్యతయుఁ గర్తవి. తప్పునకు బాధ్యుఁ డైనవాఁడు ఫలమునకు మాత్ర మన్యుఁ డగుట న్యాయము కాదు.