మౌనం మొండితనం కాదు

అమెరికా నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో తన బాల్యకథను 'ఐ నో వై ద కేజ్డ్ బర్డ్ సింగ్స్' పేరుతో 1969లో ప్రచురించింది. పంజరంలోని పిట్ట ఎందుకు పాడుతుందో నాకు తెలుసు అని దాని అర్థం. జాతి వివక్షను చెప్పిన పుస్తకంగానే దానికి పేరు. పిల్లలతో పనిచేసే మనం మరో కారణంతో కూడా చదవాలి. లైంగిక హింసకు గురైన బిడ్డ దగ్గర పెద్దలు ఎక్కడ తప్పారో, ఎవరు నిలబడ్డారో అందులో కనిపిస్తుంది.

సెయింట్ లూయిస్‌లో తల్లితో కలిసి ఉంటున్న మనిషి ఎనిమిదేళ్ల మార్గరీట్‌పై అత్యాచారం చేశాడు. చెబితే అన్న బెయిలీని చంపుతానన్నాడు. చివరికి ఆమె వాడి పేరు చెప్పింది ఆ అన్నకే. కోర్టులో లాయరు ప్రశ్నలకు భయపడి ఒక అబద్ధం చెప్పింది. శిక్ష పడినా వాడు ఆ రోజే బయటికొచ్చాడు, ఆ వెంటనే శవమై దొరికాడు. తన మాటే ఒక ప్రాణం తీసిందనుకుని ఆ పిల్ల అన్నతో తప్ప అందరితో మాటలు మానేసింది.

పుస్తకంలో నన్ను ఎక్కువ కలచివేసేది ఆ తర్వాతి భాగం. మొదట్లో బంధువులు జాలిపడ్డారు. ఒంటి గాయం మానిందని డాక్టరు చెప్పాక, పిల్ల మునుపటిలా ఉండాలనుకున్నారు. మాట్లాడకపోతే పొగరన్నారు, కొట్టారు. మన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నట్టుండి మౌనమైపోయిన పిల్లను, పదేపదే ఇంటికి పారిపోయే పిల్లాడిని మనం ఏమంటున్నాం? మొద్దు, మొండి అనే కదా.

స్టాంప్స్ ఊళ్లో నాయనమ్మ దగ్గరికి తిరిగొచ్చాక మిసెస్ ఫ్లవర్స్ ఆమెను ఇంటికి పిలిచింది. తినడానికి పెట్టింది, పుస్తకం చదివి వినిపించింది, పుస్తకాలిచ్చింది, ఒక పద్యం నేర్చుకుని వచ్చి అప్పజెప్పమంది. మాట్లాడమని బలవంతం చేయలేదు. ఫలానా వారి మనవరాలిగా కాక తనను తనుగా ఇష్టపడ్డారని పిల్లకు తోచింది. పుస్తకాల కంటే ముందు పనిచేసింది ఈ గౌరవమే. చదివిస్తే గాయం మానుతుందని ఈ ఘట్టానికి అర్థం చెప్పుకుంటే పొరపాటు.

ఇక్కడ ఒక లోటు కూడా చూడాలి. 'తప్పు నీది కాదు' అని ఆ బిడ్డకు గట్టిగా చెప్పినవాళ్లు ఈ కథలో లేరు. పెద్దలు తమకు తోచిన న్యాయం చేసుకున్నారు, దాని బరువు మాత్రం పిల్ల మోసింది. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని జరిమానాతో తగవు ముగించినప్పుడూ ఇదే జరుగుతుంది.

మిసెస్ ఫ్లవర్స్‌కు లేని ఆసరా మనకుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేయవచ్చు. కోర్టులో బిడ్డను బెదిరించేలా ప్రశ్నించకూడదు, పేరు బయటపెట్టకూడదు. బిడ్డకు తెలుగు సరిగా రాకపోతే అనువాదకుల సాయం కోరవచ్చు. కోయలోనో, కువిలోనో, సవరలోనో చెప్పుకోగలిగిన బాధను తెలుగులో చెప్పలేదని అబద్ధం అనకూడదు.

చట్టం నేరస్తుడి సంగతి చూస్తుంది. బిడ్డ మళ్లీ నోరు విప్పేదాకా కొట్టకుండా, తొందరపెట్టకుండా పక్కన ఉండాల్సింది మాత్రం మనమే.